తోడెముక

జూన్ 4

తమ్ముడికి,

"ఇక్కడ మేమంతా క్షేమం" అని మొదలుపెట్టబోయింది నా కోడలు. చెయ్యి పట్టుకుని ఆపాను. క్షేమమే అయితే నీకు ఉత్తరం రాయించే తీరిక నాకెక్కడిది? చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంత కవిత్వం కలపకు అన్నాను. మూతి ముడుచుకుని రాస్తోంది. ఈ ముక్క కూడా రాయమన్నాను.

మొన్న ఫోనులో నా మాట నీకు అందలేదు. "ఏంటక్కయ్యా, ఏంటక్కయ్యా" అని నువ్వు నాలుగుసార్లు అనేసరికి ఒళ్ళు మండి పెట్టేశాను. తప్పు నీ చెవిది కాదు, నా దవడది. ఎడమ వైపు కింది దవడలో గడ్డ పుట్టి, ఎముకని లోపల్నుంచి తింటోందట, చెదపురుగు తలుపు చట్రాన్ని తిన్నట్టు. పైకి రంగు బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే పొడి. ఆ సగం దవడ తీసెయ్యాలి. రెండు నెలలు దాటితే నాలుక మీదికి వస్తుందట. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. తగువంతా ఆ తర్వాతే.

దవడ డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి చిన్న దారి. పాడైన ఎముక కోసేసి, పైన చర్మం కుట్టి పంపుతారు. రెండు గంటల పని. బతుకుతాను. కానీ మొహం ఆ పక్కకి జారిపోతుంది, మాట ముద్దయిపోతుంది, ఎదుటివాడికి తెలియదు. రెండోది పెద్ద దారి. నా కాల్లోంచి ఒక ఎముక తీసి, దాన్నే దవడలా వంచి అక్కడ అతుకుతారు. పది గంటలు. మాట చాలావరకు నిలుస్తుంది.

నేను పెద్ద దారి అన్నాను. నీ మేనల్లుడు చిన్న దారి అన్నాడు. "కాళ్ళు కాటికి చాపుకున్న వయసులో పది గంటలు బల్ల మీద ఎందుకమ్మా?" అన్నాడు. "చాపుకునే ఉన్నాయిగా, తీసుకోవడానికి వీలుగా ఉంటాయిలే" అన్నాను. నవ్వలేదు వెధవ. చెప్పులేసుకుని బయటికి పోయాడు. నా వేలిముద్ర ఒక్కటే చాలదట, ఇంటివాళ్ళలో ఒకరు సంతకం పెట్టాలట. వాడు పెట్టడు. నేను రెండు రోజులు అన్నం మానేస్తే, "మావయ్య సరేనంటే పెడతాను, ఎముకల సంగతి ఆయనకి తెలుసు" అని నీ మీదికి తోశాడు.

అదీ సంగతి. ముప్పై నాలుగేళ్ళుగా వైద్య కళాశాలలో ఎముకల గదిని చూసుకుంటున్నావు. కడుగుతావు, తీగతో కూరుస్తావు, చదువుకునే పిల్లల ముందు పరుస్తావు. ఆ కాలెముక ఏమిటో, అది లేకపోతే మనిషి నడుస్తాడో లేదో నాకు చెప్పు. వాడికి మాత్రం సరేనని చెప్పు. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి వెయ్యడం నీకు చిన్నప్పట్నుంచి అలవాటు. ఈసారి సూటిగా చెప్పు.

మిషను తొక్కుతూనే ఉన్నాను. ఆసుపత్రి దుప్పట్లకి అంచులు. రేపు ఏ దుప్పటి నా మీద కప్పుతారో అని ప్రతిదానికీ కుట్టు గట్టిగా వేస్తున్నాను.

నీ అక్క. వేలిముద్ర ఇక్కడ వేశాను, సిరా కొంచెం ఎక్కువైంది.


జూన్ 11

అక్కయ్యకి నమస్కారాలతో,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. తెచ్చి ఎముకల గదిలో కూర్చుని చదివాను. అక్కడైతే ఎవరూ పలకరించరు.

ఈ గది నువ్వు చూడలేదు. కిటికీలకి మసక అద్దాలు. పదింటికి ఎండ వాటి మీద పడితే గదంతా పాలు కలిపిన నీళ్ళలా అవుతుంది. ఎముకలు ఆ వెలుగులో కాస్త తేలినట్టు కనిపిస్తాయి. నేను ఒక్కొక్కటే తుడిచి పెడుతుంటాను. ఒక్కోసారి నా చెయ్యి ఏది, నేను పట్టుకున్న చెయ్యి ఏది అని ఒక్క క్షణం తెలియదు.

నువ్వు అడిగిన ఎముకని ఇప్పుడు ఒళ్ళో పెట్టుకున్నాను. మోకాలి కింద ఎముకలు రెండు. ముందు వైపు చర్మం కిందే చేతికి తగిలేది పెద్దది, బరువు మోసేది అదే. దాని బయటి పక్కన, పిక్క కండల్లో దాక్కుని వేలంత లావున సన్నగా ఇంకొకటి ఉంటుంది. పుస్తకాల్లో బహిర్జంఘిక అని ఉంటుంది. పిల్లలు ఫిబులా అంటారు. నేను తోడెముక అంటాను. పైన అది మోకాటి కీలులోకి వెళ్ళదు, గడప దాకా వచ్చి బయటే నిలబడిపోయిన చుట్టంలా పెద్దెముకకి ఆనుకుని ఆగిపోతుంది. కిందికి దిగాకే బయటపడుతుంది. నీ పాదానికి బయటి పక్క గుండ్రంగా తగిలే చీలమండ బొడిపె ఉంది చూడు, అది దీని చివరే.

నడుమ భాగం గుండ్రం కాదు, పలకలు పలకలుగా కాస్త మెలితిరిగి ఉంటుంది, తడిబట్టని పిండి విప్పడం మరిచిపోయినట్టు. ఆ పలకలన్నిటికీ కండలు అంటుకుని ఉంటాయి. మధ్యలో సూది పట్టేంత బెజ్జం ఒకటి. బతికున్నప్పుడు నెత్తురు లోపలికి వెళ్ళిన దారి. ఎండలో పెట్టి చూస్తే ఆ బెజ్జంలో చీకటి ఉంటుంది. ఎన్నేళ్ళు చూసినా దాని అవతల ఏముందో చూడాలనిపిస్తుంది.

మనిషి బరువులో ఇది ఏ పదోవంతో మోస్తుందంతే. కాబట్టి కాలి గురించి దిగులు లేదు, నడుస్తావు.

నా దిగులు వేరు అక్కయ్యా. నేను చూసినవన్నీ ఎండిన ఎముకలు. ఒక చోటినుంచి తీసింది ఇంకోచోట పట్టుకుంటుందో లేదో నాకేం తెలుసు? నీకు డెబ్భై రెండేళ్ళు. పది గంటలంటే మాటలు కాదు. నేను సరేననలేను. చిన్న దారే మేలు. నాకు నువ్వు ఉండాలి, మాట ఎలా ఉన్నా ఫర్వాలేదు. కోపగించుకోకు.

ఆ ఎముకని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపుతున్నాను, చూసుకో.

తమ్ముడు


జూన్ 17

తమ్ముడికి, నా ఆశీస్సులు రెండు చేతులా తీసుకో,

ఎన్నాళ్ళకిరా సూటిగా రాశావు! కోడలు చదువుతుంటే మిషను ఆపి విన్నాను. తోడెముక అట! మోకాలి గడప దగ్గర నిలబడ్డ చుట్టమట! దాన్ని మూడుసార్లు చదివించుకున్నాను. నడుస్తావు అన్నావు చూడు, అక్కడ నా ప్రాణం లేచొచ్చింది.

నీకు తెలియని సంగతి ఒకటి నేను చెప్తాను. అది తోడెముక కాదు, లోపల వదిలిన గుడ్డ. ఎదిగే పిల్లలకి బట్టలు కుట్టేటప్పుడు పక్కకుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలేస్తాం. తొడుక్కున్నవాళ్ళకి కూడా తెలియదు. రేపు మెడ దగ్గర చిరిగినా, చంక దగ్గర బిగుసుకున్నా, అక్కణ్ణుంచి తీసి మాసిక వేస్తాం. రంగు కలుస్తుంది, ఎందుకంటే అదీ ఆ తానులోదే. మనిషిని కుట్టినవాడెవడో పనిమంతుడే.

నీ బొమ్మ మాత్రం తప్పు. టేపు పెట్టి చూశాను, పదిహేనున్నర అంగుళాలుంది. నా మోకాలి పక్క బొడిపె నుంచి చీలమండ దాకా కొలిస్తే పదమూడే! ఎవరి కొలత తెచ్చి ఎవరికి కోయిస్తావురా? ఆ కాగితం పట్టుకుని దవడ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "బాబూ, దీని ప్రకారం కోస్తే నా అరికాలు బద్దలవుతుంది" అన్నాను. కోడలు మాట మాటా విడమర్చి చెప్పింది. ఆయన నవ్వి, "మీ ఎముక మీకే కదమ్మా, కొలతెందుకు?" అన్నాడు. "కొలతెందుకు అన్న దర్జీకి నేను రుమాలు కూడా ఇవ్వను" అన్నాను. అప్పుడు నవ్వు ఆపి దగ్గర కూర్చున్నాడు. మొత్తం తియ్యరట, మధ్యలోంచి నాలుగంగుళాలట.

నాకింకో అనుమానం పట్టుకుంది. తిన్నని ఎముక వంకర దవడ ఎలా అవుతుంది? ఇంటికొచ్చి నీ బొమ్మని నా కొలతకి తగ్గించి, తెల్లగుడ్డ కోసి, దూది కూరి ఎముక కుట్టాను. వంచితే మడతలు పడింది. చొక్కా కాలరు తిరగాలంటే ఏం చేస్తాం? లోపలి వైపు గాట్లు పెడతాం. రెండు గాట్లు పెట్టి కచ్చాకుట్టు వేశాను. నా గడ్డం కింద చక్కగా కూర్చుంది! మర్నాడు తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మేమూ ఇలాగే ఎముకలో ముక్కోణంగా రెండు గాట్లు తీసి వంచుతాం. ఇది మీకెవరు చెప్పారు?" అన్నాడు. కాలరు చెప్పింది అన్నాను.

ఆ మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో ఏదో పొడుగాటి మెట్ల వరస దిగుతున్నాను. చుట్టూ గోడల్లేవు, తెల్లటి గుడ్డలు ఆరేసి ఉన్నాయి. కాలు మోపిన మెట్టు మెట్టుకీ ఒక మాట బయటికొస్తోంది. నోటితో కాదు, పిక్కలోంచి. "దారం" అంది ఒక మెట్టు. "ఇటు రా" అంది ఇంకోటి. ఎక్కడా తొందర లేదు. కిందికి దిగేసరికి ఒక మంచి వాక్యం అయింది. లేచాక గుర్తు లేదు.

సరే, నువ్వు కాదనలేదు కాబట్టి అవునన్నట్టే. వాడికో రెండు ముక్కలు విడిగా రాసి పడెయ్యి.

నీ అక్క. ఈసారి ముద్ర చక్కగా పడింది.

(బాబాయిగారూ, ఇది ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను. మీరు వద్దన్న చోట నేను చదవలేదు, నడుస్తావు అన్న దగ్గరే ఆపేశాను. ఆ వాక్యం విని ఆవిడ చేతులు రెండూ జోడించారు, ఇక ముందుకి నా నోరు రాలేదు. ఏం చెయ్యాలో మీరే చెప్పండి. మీ అక్కయ్యగారి కోడలు.)


జూన్ 23

అక్కయ్యకి,

కొలత తప్పన్నావు, నిజమే. నేను గీసింది నలభై ఒకటో నంబరు ఎముక. పొడుగాటి మనిషి అయి ఉంటాడు. ఎవరో తెలియదు, మా పుస్తకంలో అంకె ఒక్కటే ఉంది. చేతికి దగ్గరగా ఉందని అదే తీశాను. కొలవకుండా పంపడం నా తప్పు.

అసలు ఇక్కడ ఎవరి కొలతా ఎవరితోనూ కలవదు. తలుపు పక్కన నిలబెట్టిన అస్థిపంజరం ఒక మనిషిది కాదని నీకు తెలుసా? ఐదుగురి ఎముకలు కలిపి నేనే కూర్చాను. పొడుగాయన కాళ్ళు, పొట్టావిడ చేతులు, పుర్రె ఇంకొకరిది. గాలి వేస్తే తీగ మీద కొంచెం ఊగుతుంది. ఐదుగురు ఒకరినొకరు అడ్రసు అడుగుతున్నట్టు ఉంటుంది. వాళ్ళలో ఎవరికీ అందులో తన ఇల్లు లేదు.

నీ గుడ్డ ఎముక సంగతి రెండుసార్లు చదివాను. ముసలివాళ్ళ ఎముకలు ఎలా ఉంటాయో నాకు తెలుసు, పట్టుకుంటే ఎండుటాకులా ఉంటాయి. సంతకం సంగతి నిదానంగా చూద్దాం. వేళకి ఏదైనా మెత్తగా తిను.

తమ్ముడు

(కోడలమ్మా, ఈ కింది చీటీ చించి మా వాడికియ్యి. అక్కయ్యకి చదవకు: "ఒరేయ్, చిన్న దారికే సంతకం పెట్టు. గడువు దాటనివ్వకు. తిట్లు నేను పడతాను. మావయ్య.")


జూన్ 28

తమ్ముడా,

ఆశీస్సులు లేవు. ఈ పూటకి అయిపోయాయి.

నాకు చదువు రాదు కానీ కొలత వచ్చు. నీ మొదటి ఉత్తరం రెండు కాగితాలు, రెండు వైపులా నల్లగా ఉంది. నేను ఒక దుప్పటికి ఒక అంచు కుట్టేంతలో కోడలు చదివేసింది. రెండో ఉత్తరం ఒక్క కాగితం, అదీ కింద ముక్క చిరిగి ఉంది. దానికీ ఒక అంచే పట్టింది. ఇంతున్న దానికీ అంతున్న దానికీ ఒకటే అంచు ఎలా సరిపోతుంది? నిన్న కుడుతూ కుడుతూ ఈ లెక్క తట్టింది. సూది దింపి ఆపేశాను.

"మొదటి ఉత్తరం తే. వరస కింద వేలు పెట్టి చదువు" అన్నాను. చదివింది. "నడుస్తావు" దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. కింద ఇంకా చాలా నలుపుంది. "అదేంటి, అక్కడ చీమలు పాకాయా?" అన్నాను. ఏడ్చేసింది. ఏడుస్తూనే అంతా చదివింది. చీటీ సంగతీ చెప్పింది. నీ మేనల్లుడు అప్పుడే సంతకం పెట్టి వచ్చాడట. జూలై పన్నెండున చిన్న దారి.

కోడల్ని నేనేం అనలేదు. అన్నాను, తక్కువే. అది భయపడి దాచింది. నువ్వు తెలిసి దాచమన్నావు.

ఇప్పుడు నా మాట విను. కోడలు ఒక్క అక్షరం వదలకుండా రాస్తోంది, ప్రతి వరసా మళ్ళీ చదివించుకుంటున్నాను.

"నాకు నువ్వు ఉండాలి, మాట ఎలా ఉన్నా ఫర్వాలేదు" అన్నావు. మాట తీసేశాక ఉండేది ఎవర్రా? చదువుకున్నవాళ్ళకి నోరు పోతే చెయ్యి ఉంటుంది. కాగితం మీద "నాకు దాహం", "నువ్వు దొంగవి" అని రాసి చూపిస్తారు. నాకు నోరే చెయ్యి. నేను బేరం చేసింది దీంతో, కూలి అడిగింది దీంతో, పెళ్ళాన్ని కొట్టే పక్కింటివాణ్ణి వీధిలో నిలబెట్టి కడిగింది దీంతో. కుట్టుకొట్టులో నలభైమంది ఆడవాళ్ళ తరపున కిటికీ తెరవమని యజమానితో పోట్లాడింది దీంతో. ఆ కిటికీ ఇవాళ్టికీ తెరిచే ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, ఊరు చచ్చినట్టు మంచిగా ఉండేది.

నోరు పోయాక నా సంగతి ఎలా ఉంటుందో నువ్వే చూపించావు. ఈ పదిహేను రోజుల్లో జరిగిందేమిటి? నోరుండగానే, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, నాకొచ్చిన ఉత్తరాన్ని ఇద్దరు కలిసి నా ముందే మడిచేశారు. పట్టుకున్నాను కాబట్టి అడిగాను. అడగలేని రోజున ఇంకెన్ని మడుస్తారు? "అమ్మ అదే అంటోంది" అంటాడు వాడు. "అక్కయ్యకి ఇదే ఇష్టం" అంటావు నువ్వు. నేను కాదని తల అడ్డంగా ఊపితే, నొప్పేమో పాపం అని మాత్ర మింగిస్తారు.

ఒక ఇంట్లో పుట్టాం. నీకు చదువొచ్చింది, నాకు మాటొచ్చింది. నీ చదువు కోసం నేను మిషను తొక్కాను. ఇది దెప్పడం కాదు. కాదేమిటి, దెప్పడమే. నీ వాటా నీ దగ్గర భద్రంగా ఉంది. నా వాటా పోతే పోనీ అంటావా?

బల్ల మీద పోతే పోతాను. నేను ఒప్పుకున్న పని మీద పోతాను. ఒప్పుకోని పని చేయించుకుని ఇరవై ఏళ్ళు మూలన కూర్చుని అందరి మొహాలూ చూడలేను.

నువ్వు వద్దంటే వద్దని నాకు రాయి. చీటీలో కాదు, పెద్దక్షరాలతో. వేలు పెట్టి చదివించుకుంటాను.

ముద్ర వెయ్యలేదు. నేనెవరో నీకు తెలుసు.


జూలై 3

అక్కయ్యకి,

సరే. పెద్ద దారే.

మొదటి మాట అదే రాశాను, కోడలమ్మ వేలు ముందు దాని మీదే పడాలని.

నీ ఉత్తరం చదివి కింది దవడల బీరువా తెరిచాను. నూట పన్నెండు దవడలు. నెలకోసారి తుడుస్తాను కానీ, ఎదురుగా కూర్చుని చూసింది ఇప్పుడే. ఏది అబద్ధాలాడిందో, ఏది అన్నం తింటూ నవ్విందో, ఏది ఎవరిని పేరు పెట్టి పిలిచిందో ఒక్కటీ చెప్పదు. వెలుగు ఒక దాని మీంచి ఇంకో దాని మీదికి నెమ్మదిగా జరిగింది. అవన్నీ నోరు తెరవబోయి, నేను చూస్తున్నానని ఆగినట్టు అనిపించింది. ఇంత నిశ్శబ్దంలో ఇన్నేళ్ళు ఎలా కూర్చున్నానా అనుకున్నాను. అలవాటైపోయింది. ఎండిన ఎముకతో పేచీ లేదు, దాన్ని పోగొట్టుకునే భయం ఉండదు. నిన్నూ అలాగే ఓ అరలో భద్రంగా పెట్టుకోవాలనుకున్నాను. తప్పు నాదే.

మా కళాశాలలో ఈ పని చేసే డాక్టరమ్మ ఉంది. సిగ్గు విడిచి వెళ్ళి అడిగాను. "మీరు ఎండిన ఎముకని ఊహించుకుంటున్నారు, మేము తీసేది బతికున్నదాన్ని" అంది. తోడెముక పక్కనే దానికంటూ ఒక రక్తనాళం ఉంటుందట. ఎముకని దాని నాళంతో సహా తీసి, ఆ నాళాన్ని మెడలోని నాళానికి కలుపుతారట. వెంట్రుక కంటే సన్నటి దారంతో, భూతద్దంలో చూస్తూ కుట్టు మీద కుట్టు. కలిసిన మరుక్షణం తెల్లబోయిన ఎముక అంచు నెత్తురు చెమరుస్తుందట. "పట్టుకున్నట్టే ఇక" అంది. కుట్టుపనే అక్కయ్యా. నాకంటే నువ్వే ముందు అర్థం చేసుకున్నావు.

డాక్టర్ని ఒకటి అడుగు. పైన నాలుగు వేళ్ళు, కింద నాలుగు వేళ్ళు ఎముక అలాగే వదలమను. పైన మెడ లాంటి చోట పాదాన్ని ఎత్తే నరం చుట్టుకుని ఉంటుంది. కింద చివర లేకపోతే చీలమండ నిలవదు. ఆయనకి తెలిసే ఉంటుంది. అయినా అడుగు, నీ నోటితో.

మేనల్లుడికి వేరే చీటీ లేదు. ఇదే వాడికీ: ఒరేయ్, ఆ సంతకం కొట్టించి కొత్తది పెట్టు. మీ అమ్మ ముందు పెట్టు.

తమ్ముడు


జూలై 20

బాబాయిగారికి నమస్కారం.

అత్తయ్యగారికి మాట లేదు కాబట్టి ఇది నా సొంత ఉత్తరం. పదకొండు గంటలు పట్టింది. మా వారు ఆ పదకొండు గంటలూ మెట్ల మీదే కూర్చున్నారు.

ఊపిరి కోసం గొంతుకి గొట్టం పెట్టారు. మొహం వాచి కళ్ళు మాత్రమే ఆవిడవిగా ఉన్నాయి. గంట గంటకీ నర్సు వచ్చి, పెన్నులాంటి దాన్ని మెడకి ఆనించి వింటుంది. కాల్లోంచి తెచ్చిన నాళంలో నెత్తురు పారుతోందో లేదో చూడ్డానికి. ష్షు, ష్షు అని దూరంగా అల వచ్చి వెళ్ళినట్టు వినిపిస్తుంది. నేనూ విన్నాను. వార్డంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు అయిపోయింది. అత్తయ్యగారు కళ్ళు మూసుకుని అది వింటూ ఉంటారు. నర్సు వెళ్ళిపోతుంటే చెయ్యి పట్టుకుని మళ్ళీ పెట్టమని సైగ చేస్తారు.

నిన్న ఆవిడకి ఏదో కావలసొచ్చింది. నీళ్ళా, దుప్పటా, నొప్పా, అబ్బాయినా అని అన్నీ అడిగాను. అన్నిటికీ కాదని తల ఊపారు. పావుగంట అడిగాను. చివరికి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆవిడ ఎందుకంత పోట్లాడారో నాకు అప్పుడు తెలిసింది. ఏం కావాలో ఇప్పటికీ తెలియదు.

రాశాక ఇది ఆవిడకి చదివి వినిపించాను, వేలు పెట్టి. పంపమని సైగ చేశారు.

మీ అక్కయ్యగారి కోడలు


ఆగస్టు 30

తమ్ముడికి,

ఆ రోజు నాకు కావలసింది కిటికీ. ఎండ కంట్లో పడుతోంది, పరదా వెయ్యమని. అంతే. దానికి పావుగంట! ఇవాళ పొద్దున్న కోడలికి చెప్పాను. విని ఇద్దరమూ నవ్వాం. నేను ఒక వైపే నవ్వుతానిప్పుడు.

కాలు బాగానే ఉంది. చేతికర్రతో వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నాను. బొటనవేలు సరిగ్గా వంగదు, మిషను తొక్కితే కుట్టు కాస్త ఎగుడుదిగుడుగా వస్తోంది. అదేం లోటు కాదు. ఇప్పుడు కుంటుతున్నది మాట. పెదవి అడుగున స్పర్శ లేదు. మాట లోపల తిన్నగా బయలుదేరుతుంది, బయటికొచ్చేసరికి తడిసి, కుచ్చిళ్ళు ఊడి ఉంటుంది. మొదటి రోజు నోరు విప్పితే వచ్చిన గొంతు విని ఎవరా అని వెనక్కి చూశాను. ఎవరో ముసలావిడ.

నీ మేనల్లుడు రోజూ సాయంత్రం వచ్చి ఎదురుగా కూర్చుంటున్నాడు. అరగంట తిడతాను. సగం తెలియదు వాడికి. తప్పు చోట "అవునమ్మా" అంటాడు. మళ్ళీ మొదట్నుంచి తిడతాను. లేచి పోడు. అది కొత్త.

మాట నేర్పే అమ్మాయొకతె వస్తోంది. ఎముక బాగా పట్టిందట, ఇక కండకే పని నేర్పాలట. రోజుకి నాలుగు గంటలు మాట్లాడాలి, అదే వైద్యం అంది. "నాలుగు చాలా? నా మామూలు పన్నెండు" అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ కాలేదు. మూడోసారికి పడీ పడీ నవ్వింది. ఎంత హాయిగా ఉందిరా ఆ నవ్వు.

కానీ నాలుగు గంటలు ఎవరు వింటారు? కోడలికి పనుంది, వాడికి ఉద్యోగముంది. పక్కింటివాళ్ళు నన్ను చూడగానే గొంతు పెంచి, చెవిటిదానితో మాట్లాడినట్టు మాట్లాడి, గబగబా వెళ్ళిపోతున్నారు. నీకు ఈ నెలాఖరుకి ఉద్యోగం అయిపోతుందని మొన్న రాశావు. ఆ గది తాళాలు ఇచ్చెయ్యి. ఒక్క మాటా అనని వాళ్ళ మధ్య ముప్పై నాలుగేళ్ళు కూర్చున్నావు. వచ్చి నా ముందు కూర్చో. తెలియకపోతే "ఏంటక్కయ్యా" అను, నాలుగుసార్లు కాదు నలభైసార్లు అను. ఈసారి పెట్టెయ్యను. నడవాలో మంచం వేయించాను. రాకపోతే నా తిట్లన్నీ పోస్టులో రావు, చెప్తున్నాను.

ఈ ఉత్తరం మూడుసార్లు చెప్పాను. మొదటిసారి నా కోడలు ఊరికే తలాడించింది, కాగితం మీద ఒక్క గీత లేదు. రెండోసారి సగం రాసి, మిగతాది ఊహించి రాయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాను. మూడోసారి నేను చెప్పిందే నువ్వు చదువుతున్నది.